మశూచిని ఎదిరించిన మాతృమూర్తి – లేడీ మేరీ మాంటేగ్యూ

ఇల్లు కట్టుకొన్నవాడు తలుపులకు గడియలు బిగించుకొంటాడు. దొంగల భయమున్న ఊరిలో రాత్రివేళ కావలి ఏర్పాటు చేసుకొంటాడు. కాని కంటికి కానరాక, తలుపు తట్టక, నేరుగా లోనికి ప్రవేశించి ఉయ్యాలలోని పసికందును సైతం ఎత్తుకొనిపోయే శత్రువు ఒకటి ఉన్నది. అదే అంటువ్యాధి. ఆ శత్రువును ఎదుర్కొనడానికి ధనబలం చాలదు, అంగబలం చాలదు, రాజ్యాధికారమైనా చాలదు. దానికి కావలసినది జ్ఞానం. ఆ జ్ఞానాన్ని ఆచరణలో పెట్టగల ధైర్యం. ఈ రెండూ కలిగి, తన బిడ్డలను కాపాడుకొనడమేగాక పరుల బిడ్డలకు కూడ ఆ రక్షణను పంచిపెట్టిన ఒక మహిళ జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థుల ముందుంచదలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ముందుగా ఆ శత్రువును గురించి రెండు మాటలు. మన పల్లెలలో మశూచిని పెద్దమ్మవారు అన్నారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో చేచక్ అన్నారు. పేరు ఏదైనా భయం ఒకటే. నేటి విద్యార్థులలో ఆ వ్యాధిని కన్నులార చూచినవారు ఒక్కరూ లేరు. అది వారి అదృష్టం. తీవ్రమైన మశూచి సోకినవారిలో నూటికి సుమారు 30 మంది మరణించేవారు. బ్రతికి బయటపడినవారికి ముఖమంతా గుంటలు పడేవి. కొందరికి కంటిచూపు పోయేది. రాజు, పేద అనే భేదం దానికి లేదు. 1694లో ఇంగ్లండు రాణి రెండవ మేరీ ఈ వ్యాధితోనే కన్నుమూసింది. వైద్యశాస్త్రానికి వన్నె తెచ్చిన అల్ రాజీ వేయి సంవత్సరాలకు పూర్వమే మశూచికి, తట్టుకు గల భేదాన్ని వివరిస్తూ అరబ్బీలో ఒక గ్రంథం రచించాడు. అయినప్పటికీ వ్యాధి ముదిరినపిమ్మట దానిని కుదిర్చే మందు ఎవరివద్దనూ లేదు. ఒక్క విషయం మాత్రం లోకానికి తెలుసు: ఒకసారి మశూచి వచ్చి తగ్గినవారికి అది మరల రాదు. ఈ చిన్న సత్యమే మన కథకు మూలం.

మేరీ 1689లో జన్మించింది. తండ్రి ఈవ్‌లిన్ పియర్‌పాంట్ సంపన్న కుటుంబీకుడు. తరువాత డ్యూక్ బిరుదు పొందాడు. తల్లి చిన్ననాడే మరణించింది. ఆడపిల్లలకు గొప్ప చదువులు చెప్పించే ఆచారం ఆ దేశంలో లేని రోజులవి. తండ్రిగారి గ్రంథాలయంలో తలుపు మూసికొని కూర్చుండి, తనంతట తానే లాటిన్ భాషను నేర్చుకొన్నది ఆ బాలిక. తండ్రి కుదిర్చిన సంబంధం ఇష్టం లేక, 1712లో ఎడ్వర్డ్ వర్ట్‌లీ మాంటేగ్యూ అనే పార్లమెంటు సభ్యుని తన ఇచ్చానుసారం వివాహమాడింది. మరుసటి సంవత్సరం ఆమెకు కుమారుడు కలిగాడు. అతనికి తండ్రి పేరే పెట్టారు.

అదే 1713లో ఆమె ప్రాణప్రదంగా ప్రేమించిన ఏకైక సోదరుడు విలియం ఇరవై యేండ్ల వయస్సులోనే మశూచికి బలియైపోయాడు. ఆ దుఃఖం ఆరకముందే, 1715 డిసెంబరులో ఆ వ్యాధి ఆమెనే పట్టుకొన్నది. అప్పటికామెకు ఇరవైయారేండ్లు. రాజాస్థానంలో అందగత్తెగా, చమత్కారవతిగా, కవయిత్రిగా పేరు మోసిన కాలమది. ప్రాణం దక్కినది గాని ముఖంమీద మచ్చలు మిగిలాయి. కనురెప్పల వెంట్రుకలు రాలిపోయి మరల మొలవలేదు. అద్దంలో చూచుకొన్న ప్రతిసారీ తమ్ముని మరణం, తన రోగశయ్య ఆమెకు స్ఫురించకుండా ఉండవు. ఒక వ్యాధిని పుస్తకంలో చదివి తెలుసుకొనడం వేరు, ముఖంమీద మోయడం వేరు. తన కుమారునికి ఈ గతి పట్టరాదని ఆ తల్లి కోరుకొన్నదనడంలో ఆశ్చర్యం లేదు. కాని కోరిక ఉన్నంతమాత్రాన ఉపాయం దొరకదు.

ఆ ఉపాయం ఆమెకు తూర్పుదేశంలో దొరికింది. 1716లో భర్త తురుష్క సుల్తాను కొలువుకు ఇంగ్లండు రాయబారిగా నియుక్తుడైనాడు. భర్త వెంట దూరదేశానికి వెళ్లడమే గాక, మూడేండ్ల కుమారుని కూడ వెంటబెట్టుకొని, వియన్నా, బెల్‌గ్రేడ్ మార్గాన ఆమె ప్రయాణం చేసింది. 1717లో వారు ఎడిర్నే చేరుకొని, అక్కడినుండి నేడు ఇస్తాంబుల్ అని పిలువబడే కాన్‌స్టాంటినోపుల్ నగరానికి వెళ్లారు. ఆమె తురుష్క భాష నేర్వసాగింది. తురుష్క స్త్రీల వస్త్రాలు ధరించింది. స్త్రీల స్నానశాలలకు, అంతఃపురాలకు అతిథిగా వెళ్లి వారి ఆచార వ్యవహారాలను స్వయంగా పరిశీలించింది. ఆమెకు ముందు ఆ దేశాన్ని గురించి వ్రాసిన యూరపు పురుషులకు ఆ ద్వారాలలో ప్రవేశమే లేదు. వారు వినికిడితో వ్రాశారు. ఆమె చూచి వ్రాసింది. మన జీవిత కథకు ఇది ముఖ్యం. పరాయి జాతివారు అజ్ఞానులనే తలంపుతో ఆమె ఆ దేశంలో అడుగుపెట్టి ఉంటే, ఆ స్త్రీలవద్ద నేర్వదగిన గొప్ప విద్య ఒకటి ఉన్నదని ఏనాటికీ గ్రహించగలిగేది కాదు.

ఆ విద్య ఏమిటో 1717 ఏప్రిల్‌లో సారా చిజ్‌వెల్ అనే స్నేహితురాలికి వ్రాసిన లేఖలో ఆమె వివరించింది. ఎండలు తగ్గిన సెప్టెంబరు మాసంలో కుటుంబాలవారు ఒకరినొకరు సంప్రదించుకొని, మశూచి ఇంకా రాని పిల్లలను పదిహేను, పదహారుమంది చొప్పున ఒకచోట చేర్చేవారు. ఈ పనిలో చేయితిరిగిన ఒక వృద్ధురాలు అక్రోటు చిప్పలో, తేలికగా వచ్చిన మశూచి పొక్కునుండి తీసిన ద్రవాన్ని తెచ్చేది. పెద్ద సూదితో చర్మాన్ని గీరి, సూది మొనమీద నిలిచేపాటి ద్రవాన్ని మాత్రమే అందులో ఉంచి కట్టు కట్టేది. పిల్లలు ఎప్పటివలె ఆడుకొంటూ ఉండేవారు. ఎనిమిదవనాటికి జ్వరం వచ్చి రెండు మూడు దినాలు మంచం పట్టేవారు. కొన్ని పొక్కులు లేచి, మరి ఎనిమిది దినాలలో మచ్చలైనా లేకుండా మానిపోయేవి. ఆపైన వారికి మశూచి భయం జీవితాంతం ఉండేది కాదు. తోటమాలి మొక్కకు అంటు కట్టినట్లు మనిషికి వ్యాధిని అంటు కట్టే పద్ధతి ఇది. ఆమె వాడిన ఆంగ్లపదానికి సరిగా ఈ అర్థమే ఉన్నది. శ్వాసద్వారా లోనికి ప్రవేశిస్తే ప్రాణాంతకమయ్యే వ్యాధి, చర్మంలో స్వల్పంగా ప్రవేశపెట్టినప్పుడు చాలవరకు తేలికగా పోయేది. శరీరం మాత్రం దానిని ఎదిరించే శక్తిని సంపాదించుకొనేది.

ఈ పద్ధతి తురుష్క దేశానికే పరిమితమైనది కాదు. చైనాలోను, ఆఫ్రికాలోను, మన బెంగాలు ప్రాంతంలోను ఇటువంటివి ఆచారంలో ఉండేవి. బెంగాలులో ఇంటింటికి తిరిగి ఈ పని చేసేవారిని టీకాదారులు అనేవారు. నేడు తెలుగువారు, ఉర్దూవారు కూడ వాడే టీకా అనే మాటలో ఆ పాత విద్య పేరే నిలిచి ఉన్నది. కాన్‌స్టాంటినోపుల్ వైద్యుడు ఇమాన్యుయెల్ టిమోని వ్రాసిపంపిన వివరాలు 1714లోనే లండన్ రాయల్ సొసైటీకి అందాయి. పండితులు చదివారు, దాచిపెట్టారు. తమ ఇంటిలో ఆచరించినవారు లేరు. కాగితంమీద ఉన్న జ్ఞానం ఏ బిడ్డనూ కాపాడలేదు.

1718 ఆరంభంలో ఆ నగరంలోనే మేరీకి ఒక కుమార్తె జన్మించింది. మార్చి మాసంలో భర్త ఊరిలో లేని సమయాన ఆమె నిశ్చయానికి వచ్చింది. రాయబార కార్యాలయపు శస్త్రవైద్యుడు చార్లెస్ మెయిట్‌లాండ్‌ను దగ్గర ఉంచుకొని, ఒక గ్రీకు వృద్ధురాలిని పిలిపించి, అయిదవయేడు నిండవస్తున్న కుమారునికి అంటు వేయించింది. వృద్ధురాలు వణికే చేతితో మొద్దుసూదితో ఒక చేతిని గీరుతుంటే బాలుడు పడే బాధ చూడలేక, రెండవ చేతికి మెయిట్‌లాండ్ తన శస్త్రంతో తానే వేశాడు. జ్వరం వచ్చింది, పొక్కులు లేచాయి, తగ్గిపోయాయి. బాలుడు సురక్షితుడైనాడు.

మరి కుమార్తె మాట ఏమిటి? ఆమెకు అప్పుడు వేయించలేదు. కారణం గమనింపదగినది. ఆ శిశువుకు పాలిచ్చే దాదికి అంతకుముందు మశూచి రాలేదు. అంటు వేసిన బిడ్డకు వచ్చేది తేలికపాటి మశూచియే అయినా, ఆ బిడ్డనుండి పరులకు సోకేది మాత్రం నిజమైన మశూచియే. శిశువును కాపాడబోయి దాది ప్రాణానికి ముప్పు తేవలసివస్తుంది. అందుచేత తల్లి ఆగింది. కుటుంబ రక్షణ అంటే మన రక్తసంబంధీకుల రక్షణ మాత్రమే కాదు. మన ఇంటిలో పనిచేసేవారి ప్రాణం కూడ ఆ లెక్కలోనిదే అని ఈ సంఘటన మనకు బోధిస్తున్నది.

1718 అక్టోబరులో వారు ఇంగ్లండుకు తిరిగివచ్చారు. 1721 వసంతంలో లండన్‌లో మశూచి తీవ్రంగా చెలరేగింది. ఎక్కడ చూచినా మరణవార్తలే. మేరీ మెయిట్‌లాండ్‌ను పిలిపించి, మూడేండ్ల కుమార్తెకు అంటు వేయుమని కోరింది. అతడు సంకోచించాడు. దూరదేశంలో చేసిన పని వేరు; రాజధానిలో రాజవైద్యుల కనుసన్నలలో చేసి, బిడ్డకేమైనా అయితే తన వృత్తికే చేటు. సాక్షులుగా వైద్యులుండాలని అతడు పట్టుబట్టాడు. ఆమె అంగీకరించింది. ఆ యేడు ఏప్రిల్‌లో అంటు వేయడం జరిగింది. ఇంగ్లండులో వైద్యుల సమక్షంలో జరిగిన మొదటి అంటు టీకా ఇదే. చూడవచ్చిన వైద్యులలో జేమ్స్ కీత్ ఒకడు. మశూచి అతని సంతానాన్ని కబళించి ఒక్క కుమారుని మిగిల్చింది. ఆ చిన్నారి ఆడుతూ పాడుతూ కోలుకొనడం కన్నులార చూచిన ఆ తండ్రి, కొద్దిదినాలలోనే తన మిగిలిన కుమారునికి కూడ వేయించాడు. వాదాలు చేయలేని పనిని ఒక చిన్నబిడ్డ ఆరోగ్యం చేసింది.

కాని అందరూ కీత్ వంటివారు కారు. మేరీ మనుమరాలు అనంతరకాలంలో వ్రాసిన జ్ఞాపకాలలో, వచ్చిన వైద్యుల విముఖతను చూచి బిడ్డను వారివద్ద ఒంటరిగా విడువడానికి మేరీ భయపడినదని పేర్కొన్నది. 1722లో ఎడ్మండ్ మాసీ అనే మతాచార్యుడు ఇది దైవసంకల్పానికి విరుద్ధమని ఉపన్యసించాడు. కొందరు వైద్యులు, చదువురాని విదేశీ స్త్రీల ఆచారాన్ని ఆంగ్ల పండితులు స్వీకరించడమా అని ఈసడించారు.

మరొకవైపు వేల్స్ యువరాణి కరొలైన్ ఈ విషయంలో ఆసక్తి చూపింది. తన కుమార్తెలకు వేయించడానికి ముందు పరీక్ష జరగాలన్నారు. 1721 ఆగస్టులో న్యూగేట్ కారాగారంలో మరణశిక్ష పడిన ఆరుగురు ఖైదీలకు, ప్రాణభిక్ష పెట్టే షరతుమీద అంటు వేశారు. ఆరుగురూ బ్రతికి విడుదలైనారు. తరువాత అనాథబాలలకు వేశారు. 1722 ఏప్రిల్‌లో ఇద్దరు రాజకుమార్తెలకు వేశారు. ఉరికంబం నీడలో నిలిచినవాని అంగీకారం, దిక్కులేని బిడ్డల మౌనం నిజమైన సమ్మతులు కావు. నేటి వైద్యనీతి ఇటువంటి ప్రయోగాన్ని ఆమోదించదు. మహత్కార్యాల చరిత్రలో ఇటువంటి మచ్చలు కూడ ఉంటాయని విద్యార్థులు గుర్తించడం మంచిది.

ఈ పద్ధతి పూర్తిగా నిరపాయకరమైనదని కూడ మేము చెప్పబోము. అదే సంవత్సరం ఒక ప్రభువు కుమారుడు అంటు వేసిన పిమ్మట మరణించాడు. హెర్ట్‌ఫర్డ్ పట్టణంలో అంటు వేయించుకొన్న ఒక పసిబిడ్డనుండి ఆ ఇంటి సేవకులు ఆరుగురికి మశూచి సోకింది. కాన్‌స్టాంటినోపుల్‌లో దాది విషయమై మేరీ పడిన భయం అకారణం కాదని దీనివలన తేలింది. మరి ఏది మేలు? ఇక్కడ రాయల్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ జ్యూరిన్ చేసిన సేవ చిరస్మరణీయం. అతడు వాదోపవాదాలలోకి దిగక, దేశం నలుమూలలనుండి లెక్కలు తెప్పించాడు. సహజంగా మశూచి సోకినవారిలో సుమారు ఏడెనిమిది మందికి ఒకరు మరణిస్తుండగా, అంటు వేయించుకొన్నవారిలో సుమారు 50 మందికి ఒకరు మాత్రమే మరణించినట్లు తేలింది. రెండింటిలోనూ అపాయమున్నది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏమీ చేయక ఊరకుండడం కూడ ఒక నిర్ణయమే, దానికి కూడ మూల్యం చెల్లించవలసి ఉంటుందని ఆ అంకెలు చాటిచెప్పాయి.

మేరీ ఊరకుండలేదు. కుమార్తెను వెంటబెట్టుకొని అంటు వేయించుకొన్నవారి ఇండ్లకు వెళ్లి ధైర్యం చెప్పేది. 1722 సెప్టెంబరులో, తురుష్క దేశంతో వ్యాపారం చేసే వర్తకుని మారుపేరుతో పత్రికలో ఒక వ్యాసం ప్రకటించింది. తురుష్క వృద్ధురాలు సూదిమొనతో సులువుగా చేసే పనిని ఆంగ్ల వైద్యులు లోతైన గాట్లు పెట్టి, ఎక్కువ ద్రవం పోసి, ముందుగా రక్తం తీసి, విరేచనాలు చేయించి అపాయకరంగా మార్చారని అందులో విమర్శించింది. వైద్యం ఆడంబరంగా మారినకొలది ఖర్చు పెరుగుతుంది, పేదవానికి దూరమవుతుంది. దాదాపు నలభై యేండ్ల తరువాత ఇంగ్లండు వైద్యులు తిరిగి ఆ సులువైన పద్ధతికే వచ్చారు.

ఆమె మొదటి లేఖను అందుకొన్న సారా చిజ్‌వెల్ కథ విషాదకరమైనది. మశూచిని నివారించే ఉపాయాన్ని చాలమందికన్న ముందు తెలుసుకొన్న ఆ స్నేహితురాలు 1726లో మశూచితోనే మరణించింది. తెలుసుకొనడానికి, ఆచరించడానికి మధ్య ఉన్న అగాధం ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

మేరీ తదుపరి జీవితంలో సుఖం తక్కువ. కుమారుడు దుడుకువాడైనాడు. పాఠశాలనుండి పారిపోయినప్పుడు అతని ఆనవాలుగా రెండు చేతులమీది అంటు మచ్చలను పత్రికా ప్రకటనలో పేర్కొనవలసివచ్చింది. కుమార్తె మాత్రం లార్డ్ బ్యూట్‌ను వివాహమాడి, భర్త 1762లో బ్రిటిష్ ప్రధానమంత్రి కావడం చూచింది. 1739లో మేరీ దేశం విడిచి ఇటలీ, ఫ్రాన్సులలో ఇరవై యేండ్లకు పైగా గడిపి, భర్త మరణానంతరం 1762 జనవరిలో లండన్ చేరుకొన్నది. అదే సంవత్సరం ఆగస్టు 21న రొమ్ము క్యాన్సరుతో కన్నుమూసింది. మరుసటి యేడు ఆమె తురుష్క లేఖలు అచ్చయినాయి. 1789లో లిచ్‌ఫీల్డ్ చర్చిలో, ఈ విద్యను దేశానికి తెచ్చిన ఉపకారానికి గుర్తుగా ఒక స్మారకం వెలసింది.

ఆమె నాటిన మొక్క వృథా కాలేదు. 1757లో ఎనిమిదేండ్ల బాలుడొకడు ఇంగ్లండులో అంటు టీకా పొందాడు. ఆ బాలుడే ఎడ్వర్డ్ జెన్నర్. అతడు పెద్దవాడై, 1796 మే 14న, ఆవులకు వచ్చే తేలికపాటి మశూచి ద్రవంతో టీకా వేసి, పరులకు సోకని నిరపాయకరమైన మార్గం కనుగొన్నాడు. దాది సమస్యకు అదే పరిష్కారం. ఆ టీకా మందు మన దేశానికి ఏ దారిని వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వియన్నానుండి కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అక్కడ మూడేండ్ల బాలికకు మొదటి టీకా పడింది. ఏ నగరంనుండి మేరీ ఒక పాత విద్యను పడమటికి కొనిపోయిందో, ఆ నగరం మీదుగానే కొత్త విద్య తూర్పుకు తిరిగివచ్చింది. జ్ఞానానికి జాతి లేదు, మతం లేదు, ఎల్లలు లేవు.

మన దేశంలో చివరి మశూచి రోగి 1975 మే మాసంలో కనిపించింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధి భూమిమీద అంతరించినదని ప్రకటించింది. మనిషి పూర్తిగా రూపుమాపిన మానవ వ్యాధి ఇదొక్కటే. అందుకే మశూచి టీకా నేటి పిల్లలకు వేయడం లేదు. కాని తట్టు, ధనుర్వాతం, కోరింత దగ్గు, కంఠసర్పి ఇంకా లోకంలో ఉన్నాయి. వాటికి టీకాలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తున్నాయి. మూడువందల యేండ్లనాడు ఒక తల్లి అపాయాన్ని తూచి, భయాన్ని దిగమింగి, దూరదేశపు వృద్ధురాలి సూదిని నమ్మవలసివచ్చింది. మనం చేయవలసినది వీధి చివరిదాకా నడవడం మాత్రమే.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మగారినో, నానీగారినో చేయి చూపుమని అడగండి. గుండ్రని పాత మచ్చ ఒకటి కనబడవచ్చు. అది మశూచి టీకా మచ్చ. దాని కథ వారికి చెప్పండి. పిదప మీ ఇంటిలోను, మీ ఇంట పనిచేసేవారి ఇంటిలోను ఉన్న పసిపిల్లల టీకా కార్డు తీసి, వేయించవలసిన తేదీ దాటిపోయిందేమో చూడండి. చదువుకొన్నవాడు ఇంటికి చేయగల మొదటి సేవ ఇదేనని మా విశ్వాసం.